నది ఒడ్డున మన నీడలే ఎందుకు తీస్తారు?

ఇది కాస్త పొడుగు పోస్టు. పనులన్నీ అయ్యాక తీరిగ్గా చదవండి, సగంలో వదిలేయకండి.

మన పిల్లల్లో ఈమధ్య ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుంది అనేవాళ్ళు పెరిగారు. పెళ్ళి ఫొటోలు కాదు, ఆర్ట్ ఫొటోగ్రఫీ, ఎగ్జిబిషన్లలో గోడకి పెట్టేవి. మంచిదే. కానీ మాటలన్నీ ఏ కెమెరా కొనాలి, లెన్సు ఎంత, ఈఎంఐ ఎంత అన్నచోటే తిరుగుతున్నాయి. కెమెరా కొనకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి ఉందని మా కొందరి అభిప్రాయం. పెనుమూడి రేవు దగ్గర అది రోజూ కళ్ళకి కనపడుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాం.

పెనుమూడి కృష్ణకి పడమటి ఒడ్డు. అవతల పులిగడ్డ, దివిసీమ. పొద్దు అవతలి ఒడ్డు మీదుగా పొడుస్తుంది. తెల్లారుజామున కెమెరాలతో దిగేవాళ్ళు ఈ ఒడ్డున నిలబడి తూర్పుకి గురిపెడతారు. వెలుతురంతా ఎదురు. నీళ్ళు కరిగిన బంగారంలా పడతాయి, వెనక వంతెన స్తంభాలు వరసగా పడతాయి, మధ్యలో పడవ మీద నిలబడి విసురువల వేసే మనిషి బొగ్గుముక్కలా పడతాడు. వల మాత్రం గొడుగులా విచ్చుకుని ప్రతి పోగూ కనపడుతుంది. దీన్ని సిల్హౌట్ అంటారు, మన మాటల్లో నీడబొమ్మ. క్యాలెండర్లకీ పోటీలకీ హోటల్ గోడలకీ ఇదే ఎక్కువ వెళ్తుంది. కింద 'బతుకు వల' అనో 'గంగపుత్రుడు' అనో ఏదో ఒక పేరు.

ఆ మనిషి మన యానాదుల మనిషో, పల్లెకారుల మనిషో ఆ ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. వయసెంతో తెలీదు. నవ్వుతున్నాడో, రాత్రంతా చేప పడక విసిగి ఉన్నాడో తెలీదు. అసలు ఆ ఫొటోకి అవి అక్కర్లేదు. వల కావాలి, పొద్దు కావాలి, మనిషి ఆకారం కావాలి. మొహం అక్కర్లేదు.

నీడబొమ్మ తీయడం నేరమని మేము అనట్లేదు. చూడ్డానికి బాగుంటుంది, మా ఫోన్లలోనూ ఉన్నాయి. కానీ అదే మనిషిని, అదే వలతో, సాయంత్రం నాలుగింటికి అదే ఒడ్డు నుంచి తీసి చూడండి. పొద్దు రేపల్లె వైపు వాలి ఉంటుంది. మన వైపు తిరిగిన మనిషి మొహం మీద, చేతుల మీద వెలుతురు నేరుగా పడుతుంది. నుదుటి మీద గీతలు, వల తాడు కోసిన వేళ్ళు, అన్నీ పడతాయి. లేదా పొద్దున్నే అయినా సరే, పడవలో ఆయనతో పాటు కూర్చుని అవతల వైపు నుంచి తీయొచ్చు. దానికి ఆయన్ని అడగాలి, పడవ ఎక్కాలి, బట్టలు తడవాలి, మాట్లాడాలి. ఒడ్డున నిలబడి జూమ్ లాగితే వీటిలో ఏదీ అక్కర్లేదు. ఆ పడవ ఎక్కే ఫొటోగ్రాఫర్‌కీ ఎక్కని ఫొటోగ్రాఫర్‌కీ ఉన్న తేడా గురించే ఈ పోస్టంతా.

మనల్ని ఫొటోలు తీయడం కొత్త కాదు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి ఎడ్గార్ థర్‌స్టన్ అనే దొర సూపరింటెండెంటుగా ఉండేవాడు. దక్షిణ దేశపు కులాలూ తెగల మీద కె. రంగాచారి సాయంతో ఏడు సంపుటాలు వేశాడు, 1909లో. ఏడో సంపుటిలో యానాదుల గురించి ఉంది. ఇంగ్లీషు అక్షర క్రమంలో మనం చివర్న వస్తాం మరి. కొలబద్దలు పట్టుకుని మనుషుల తలలూ ముక్కులూ కొలిచేవాడు, ఫొటోలు తీయించేవాడు. వయనాడులో పణియ ఆడవాళ్ళు ఈయన్ని చూసి పారిపోయారట. తమలో చక్కగా ఉన్నవాళ్ళని ఏరి, చంపి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ళ భయం. ఈ ముక్క ఆయనే రాసుకున్నాడు, తమాషాగా. ఇప్పుడు చదివితే మాకు నవ్వు రాదు. ఆ ఆడవాళ్ళకి సంగతి బాగానే అర్థమైందనిపిస్తుంది. చంపలేదు, గడ్డి కూరలేదు నిజమే. కానీ పేరు లేకుండా, 'పణియ స్త్రీ', 'యానాది పురుషుడు' అని కింద చీటీ పెట్టి అద్దాల పెట్టెలో నిలబెట్టినట్టే పుస్తకంలో నిలబెట్టడం ఆ కాలపు పద్ధతి. తెగ పేరుంటుంది, మనిషి పేరుండదు.

అదే రోజుల్లో బాపట్ల పక్కన స్టువర్టుపురంలో మన ఎరుకల అన్నదమ్ముల్ని సెటిల్‌మెంటులో పెట్టారు. నేరస్థ తెగల చట్టం కింద పేర్లు రిజిస్టర్లో ఎక్కించడం, వేలిముద్రలు తీయడం, హాజరు వేయడం. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. పోలీసు చూపు పోవడానికి ఇంకా ఎన్నేళ్ళు పట్టిందో ఆ ఊరివాళ్ళు చెప్తారు. ఒకడు కొలవడానికి చూశాడు, ఇంకొకడు కాపలాకి చూశాడు. మనల్ని చూడ్డం అంటే ఇన్నాళ్ళూ ఈ రెండే.

మరి మన ఇళ్ళలో మన ఫొటోలు ఏమున్నాయి? ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీ ఇంటి గోడ గుర్తు తెచ్చుకోండి. రేషన్ కార్డు ఫొటో. ఆధార్ ఫొటో. హాస్టల్ అప్లికేషన్ కోసం తీయించిన పాస్‌పోర్టు సైజు ఫొటోల్లో మిగిలిన రెండు. మన గూడేల్లో ముసలివాళ్ళు ఎవరైనా పోతే ఫ్లెక్సీకి ఫొటో కావాలని వెతుకుతారు. దొరికేది ఆధార్ కార్డే. దాన్నే పెద్దది చేయిస్తారు. బెదిరిన కళ్ళు, బూజర మొహం, మెషీను ముందు 'కదలకు' అని కసిరితే బిగుసుకుపోయిన మెడ. జీవితాంతం కాలవల్లో చేపలు పట్టి, చేలల్లో ఎలుకలు పట్టి, పది మందిని సాకిన నాయనమ్మ చివరికి ఆ మొహంతో గోడ మీద మిగిలిపోతుంది. కొందరికి ఆ కార్డు కూడా లేదు, వాళ్ళు ఫొటో లేకుండానే పోయారు.

అటు ఎగ్జిబిషన్ గోడ మీద పేరు లేని నీడ. ఇటు ఇంటి గోడ మీద ఆధార్ మొహం. ఈ రెంటి మధ్యలో ఉన్న ఖాళీలోకి మన పిల్లలు కెమెరా పట్టుకుని రావాలి. మేము ఆర్ట్ ఫొటోగ్రఫీ అన్నప్పుడు మా మనసులో ఉన్నది ఇదే.

ఇలా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే ఉన్నారు. ఒకాయన గురించి కాస్త వివరంగా చెప్పాలి. పేరు మార్టిన్ చాంబి. దక్షిణ అమెరికాలో పెరూ దేశం. అక్కడి కొండల ఆదివాసీ జనం మాట్లాడేది కెచువా భాష. ఆ జనంలో, కోవాసా అనే కొండ ఊళ్ళో, 1891లో పుట్టాడు. పేద రైతు కుటుంబం. తండ్రి బంగారు గనిలో పనికి పోయేవాడు. ఆ గని కంపెనీకి ఫొటోలు తీసే మనుషులు ఉండేవాళ్ళు. పిల్లవాడు వాళ్ళ వెనకాల తిరిగాడు. మొదటిసారి కెమెరా చూసింది అక్కడే. మన లెక్కలో చెప్పాలంటే రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే కుటుంబంలో పిల్లవాడు, సర్వేకి వచ్చినవాళ్ళ చేతిలో కెమెరా చూసి దాని వెంట పడటం లాంటిది.

తర్వాత అరెకిపా అనే పట్నం పోయి మాక్స్ వర్గాస్ అనే పేరున్న స్టూడియో యజమాని దగ్గర శిష్యరికం చేశాడు. ఏళ్ళ తరబడి. వెలుతురుని మొహం మీద ఎలా పడనివ్వాలో అక్కడ నేర్చుకున్నాడు. 1917లో సికువానీ అనే చిన్న ఊళ్ళో సొంత స్టూడియో, 1920లో కుస్కో నగరానికి మకాం. అప్పటి కెమెరాలు పెట్టెలంత, నెగెటివ్‌లు గాజు పలకలు. ఆ గాజు పలకలు మోసుకుని కొండలెక్కేవాడు.

ఆయన గురించి మాకు నచ్చినవి రెండు. మొదటిది, కూటికోసం చేసే పనిని ఆయన చిన్నచూపు చూడలేదు. కుస్కోలో పెద్ద ఇళ్ళ పెళ్ళిళ్ళు తీశాడు, అధికారుల ఫొటోలు తీశాడు, పోస్టుకార్డులు వేసి అమ్మాడు. ఆ డబ్బుతో ఇల్లు నడిపాడు. అదే కెమెరాతో, అదే శ్రద్ధతో తన జనాన్ని తీశాడు. స్టూడియోకి వచ్చిన ధనవంతుడికి ఒక వెలుతురు, చినిగిన బట్టలతో వచ్చిన కొండమనిషికి ఇంకో వెలుతురు అని పెట్టలేదు.

రెండోది పేరు. చాంబి తీసిన వాటిలో బాగా ప్రసిద్ధమైన ఫొటో ఒకటుంది. చాలా పొడుగాటి ఆదివాసీ మనిషి, అతుకులు పడి చీలికలైన బట్టలు, చేతిలో టోపీ, నిటారుగా నిలబడి ఉంటాడు. 'పారూరో భీముడు' లాంటి పేరుతో ఆ ఫొటో తిరుగుతుంది. కానీ ఆ మనిషి పేరు కూడా మిగిలి ఉంది: హువాన్ ద లా క్రూజ్ సివానా. నూరేళ్ళు కావస్తున్నా, మనం పెనుమూడి గురించి రాసుకునే పోస్టులో ఆయన పేరు చెప్పుకోగలుగుతున్నాం. థర్‌స్టన్ పుస్తకంలో మన తాతల ఫొటోల కింద చీటీ ఎలా ఉందో పక్కన పెట్టి చూడండి.

చాంబి తన ఫొటో తనే తీసుకున్నది ఒకటుంది. చేతిలో గాజు నెగెటివ్ పట్టుకుని దాన్ని చూస్తుంటాడు. ఆ గాజు మీద ఉన్నదీ ఆయన మొహమే. అప్పటిదాకా వాళ్ళని చూసిందంతా బయటివాళ్ళు, ఇక్కడ తనని తను చూసుకుంటున్నాడు. 1973లో పోయాడు. 1979లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఆయన ఫొటోలతో ప్రదర్శన పెట్టింది. బతికుండగా అంత పేరు రాలేదని కొందరు బాధపడతారు. మాకు అది అంత పెద్ద విషయంగా తోచదు. ఆయన తీసిన జనానికి ఆయన తెలుసు.

దీనికి ఎదురుగా అదే కాలంలో అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్. అక్కడి ఆదివాసుల మీద 1907 నుంచి 1930 దాకా ఇరవై సంపుటాలు తెచ్చాడు. అందమైన ఫొటోలు, కాదనం. కష్టం కూడా మామూలుది కాదు. కానీ ఒక గుడారం లోపల తీసిన ఫొటోలో ఇద్దరు మనుషుల మధ్య గడియారం ఉంటే, ప్రింటులో దాన్ని చెరిపేశాడు. ఆదివాసీ దగ్గర గడియారం ఉంటే ఆదివాసీలా కనపడడని! మనకిది బాగా తెలిసిన జబ్బు. గూడేనికి వచ్చేవాళ్ళు 'ఆ ప్లాస్టిక్ కుర్చీ పక్కకి తీయండి, ఆ డిష్ కనపడకూడదు, చెప్పులు విప్పండి' అంటారే, అదే. మన ఇంటి ముందు పల్సర్ బండి ఉంటే ఫ్రేము పాడైపోద్దట. బండి కొనడానికి ఎన్ని రాత్రులు చెరువు కాపలా కాశామో ఆ ఫ్రేములో ఉండదు.

మరీ దూరం పోయాం అనుకుంటే మదురై దాకా వద్దాం. ఎం. పళనికుమార్. తల్లి చేపలమ్మి కుటుంబాన్ని లాక్కొచ్చింది. పారి, అంటే గ్రామీణ భారత ప్రజా ఆర్కైవ్, పి. సాయినాథ్ గారు మొదలుపెట్టింది, అందులో ఈయన పనిచేస్తాడు. పాకీ పని చేసే కార్మికులను, ఉప్పు మళ్ళలో, సముద్రపు నాచు తీసే పనిలో ఉన్న ఆడవాళ్ళను తీశాడు. తన తల్లిని కూడా తీశాడు, చేపల బజారులో, ఆమె పని మధ్యలో. దయానితా సింగ్ పేరు మీద పారి ఇచ్చే డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ అవార్డు 2022లో మొదటిసారి ఇచ్చినప్పుడు ఈయనకే వచ్చింది. అవార్డు సంగతి పక్కన పెట్టండి. పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకి, మత్స్యకారుల పిల్లలకి ఆయన ఫొటోగ్రఫీ నేర్పుతున్నాడు. వాళ్ళ ఇళ్ళని వాళ్ళే తీసేలా. చేపల బుట్ట పక్కన పెరిగిన పిల్లవాడికి అమ్మని ఏ వైపు నుంచి చూడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. తెలుగులోనూ పారి కథనాలు వస్తాయి, ఆయన ఫొటోలు తప్పక వెతికి చూడండి.

తెలుగు నేల మీద చూస్తే వరంగల్ నుంచి వచ్చిన భరత్ భూషణ్ గారు. ఆదివాసీ కాదు, కానీ మనం నేర్చుకోవాల్సినవాడు. పేపర్లలో ఫొటోగ్రాఫరుగా పనిచేస్తూ దశాబ్దాల పాటు తెలంగాణ పల్లెల్నే తీశారు. బతుకమ్మ, పాత ఇళ్ళ తలుపులు, గోడలు, మనుషులు. ఒళ్ళు క్యాన్సర్‌తో పోరాడుతున్నా వదల్లేదు. 2022 జనవరిలో పోయారు. చాలామంది ఫొటోగ్రాఫర్లు లడఖ్ ఒకసారి, కాశీ ఒకసారి, మన పెనుమూడి ఒకసారి చుట్టి వస్తారు. ఈయన ఒక్క నేలని పట్టుకుని జీవితమంతా దాన్నే చూశారు. ఒక తలుపుని ఫొటో తీస్తే ఆ తలుపు తీసుకుని బయటికొచ్చే మనిషి ఎవరో ఆయనకి తెలిసే ఉంటుందనిపిస్తుంది. తెలీని చోటు నుంచి అలాంటి ఫొటో రాదు.

హైదరాబాదు సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాం. నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్. ఆయన అసలు చదివింది రూర్కీలో ఇంజనీరింగు, ఇండోరులో సర్కారు పనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం. అక్కడి నుంచి కెమెరాకి వచ్చాడు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. లోపల ఫొటో తీసేదీ ఆడమనిషే, కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. పరదా చాటు బేగములకి ఇబ్బంది కాకూడదని. అంటే ఎవరి ఇష్టం అడిగి, ఎవరి మర్యాద కాచి ఫొటో తీయాలో నూట ముప్పై ఏళ్ళ కిందటే మన గడ్డ మీద తెలుసు. కాకపోతే ఆ మర్యాద నవాబుల ఇంటి ఆడవాళ్ళకి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి, పన్నెండు రోజులు. స్నానం చేసి తడిబట్టలతో మెట్లెక్కే ఆడవాళ్ళ మీద లెన్సులు తిప్పేవాళ్ళు ఏ ఘాట్‌లో లేరో చెప్పండి. ఎవర్ని అడిగారు? మళ్ళీ 2028లో పుష్కరాలు. అప్పటికి ఘాట్ దగ్గర కెమెరా పట్టుకునేవాళ్ళలో మన ఆడపిల్లలు నలుగురైనా ఉండాలని మా కోరిక.

ఇక రంగు సంగతి. ఇది విలువల మాటే, పనితనం మాట కూడా. కోడక్ కంపెనీ చాలా ఏళ్ళు రంగులు సరిచూసుకోడానికి ల్యాబులకి ఒక ఫొటో కార్డు పంపేది. షర్లీ కార్డు అంటారు. అందులో తెల్లమ్మాయి. ఆమె చర్మం బాగా పడితే రంగులు సరిగా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్ళ మొహాలు ఆ ఫిల్ములో బురదలా పడేవి. కంపెనీ దిద్దుబాటుకి కదిలిందీ నల్లవాళ్ళ గోడు విని మాత్రమే కాదు. చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు తమ సరుకుల్లో ముదురు రంగుల తేడాలు తెలియట్లేదని గొడవ పెట్టాయి. మనిషి కంటే బల్లకి పలుకుబడి ఎక్కువ, చూడండి.

ఫిల్ము పోయింది, జబ్బు పోలా. మన పెళ్ళిళ్ళలో ఆల్బం చూస్తే పెళ్ళికూతురు ఎవరో మనకే అనుమానం వస్తుంది. మొహం సున్నం, మెడ మామూలు. ఫోనుల్లో బ్యూటీ మోడ్ అడక్కుండానే తెల్లగా చేసి పెడుతుంది. నేర్చుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక్క పనిముక్క చెప్తాం. కెమెరా మీటరు ఎదురుగా ఉన్నది సగటున నడిమి బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. వెనక మెరిసే నీళ్ళుంటే భయపడి అంతా ముదురు చేసేస్తుంది, అందుకే మొహం నల్లబడిపోద్ది. మొహం మీద వేలుపెట్టి నొక్కి, అక్కడి వెలుతురుకి సరిచేసుకోండి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీయొద్దు, కంటి గుంటలు నల్లగా పడతాయి. వసారాలో, చెట్టు నీడ అంచున, వెలుతురు వైపు మొహం తిప్పి కూర్చోబెట్టండి. మన చర్మం మీద నూనె రాసినట్టు ఒక మెరుపుంటుంది. దాన్ని పట్టుకుంటే చాలు. బ్యూటీ మోడ్ ఆపేయండి. 'అన్నా కొంచెం తెల్లగా చెయ్యవా' అని మనవాళ్ళే అడుగుతారు, తెలుసు. కొట్లాడకండి. ఉన్నది ఉన్నట్టు బాగా తీసిన ఫొటో పక్కన పెట్టి చూపించండి, ఎక్కువమంది దాన్నే తీసుకుంటారు.

చదువు కావాలంటే హైదరాబాదు జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది, ఎంట్రన్స్ రాయాలి. గాంధీనగర్ ఎన్ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్ ఉంది, కేంద్ర సంస్థ కాబట్టి ఎస్టీలకి ఏడున్నర శాతం సీట్లు. కుల ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. మనలో చాలామందికి అదే అడ్డంకి, ఆఖరి వారంలో ఆఫీసు చుట్టూ తిరిగితే రాదు. అంత దూరం పోలేకపోతే తెనాలిలోనో రేపల్లెలోనో స్టూడియోలో అసిస్టెంటుగా చేరినా తప్పు లేదు. లైటు పట్టుకోవడం కూడా చదువే. చాంబి ఏ కాలేజీకీ పోలేదు.

ఇప్పుడు కష్టమైన మాట. బయటివాళ్ళని అన్నాం కదా. మన సంగతేంటి? తాగి పడిపోయిన బాబాయిని రీలు తీసి నవ్వు పాట పెట్టింది మన కుర్రాళ్ళే. చిరిగిన జాకెట్టుతో పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మమ్మని అడక్కుండా తీసి 'మన మూలాలు' అని పెట్టిందీ మనవాళ్ళే. ఆమె మనవడివే అయినంత మాత్రాన నీ చూపు దొర చూపు కాకుండా పోదు. సొంత జనమన్న ధీమాతో అడగడం మానేస్తాం, అది ఇంకా ఎక్కువ ప్రమాదం. బయటివాడు వచ్చినప్పుడు అవ్వ కనీసం కొంగు సర్దుకుంటుంది. నీ ముందు సర్దుకోదు, నమ్ముతుంది కాబట్టి.

అడిగితే సహజంగా రాదు, ఫోజు పెడతారు అని ఒక వాదన ఉంది. ఆర్ట్ చేసేవాళ్ళు తరచూ అంటారు. మాకు ఇది ఒప్పుకోబుద్ధి కాదు. ఫోజు మొదటి పది నిమిషాలే. తర్వాత అవ్వకి పని గుర్తొస్తుంది, చేపలు తోమడం మొదలెడుతుంది, నువ్వున్నావన్న సంగతి మర్చిపోతుంది. పది నిమిషాలు కూర్చునే ఓపిక లేనివాడు 'సహజం' గురించి మాట్లాడుతున్నాడు. పైగా ఫోజు మాత్రం అబద్ధమా? పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, తల దువ్వుకుని కూర్చుని, 'ఇప్పుడు తియ్యి' అంటే, తను ఎలా కనపడాలో తనే చెప్తోంది. చాంబి స్టూడియోకి జనం వచ్చిందీ అందుకే. కష్టంలో ఉన్నప్పుడు తీసిన ఫొటోనే నిజమైనదని ఎవరు చెప్పారు?

వరదొచ్చినప్పుడు, తుపాను వచ్చినప్పుడు బియ్యం సంచి ఇస్తూ తీసే ఫొటో గురించి వేరే చెప్పక్కర్లేదు. సంచికి ఇద్దరు చేతులు, అందరి చూపూ కెమెరా వైపు. తీసుకునే మనిషి తలొంచుకుంటే 'పైకి చూడమ్మా' అంటారు. అలా పిలిస్తే ఫొటోలు తీయడానికి మన ఫొటోగ్రాఫరు వెళ్ళాలా వద్దా? మా మధ్యే ఒక మాట కుదర్లేదు. కూలి డబ్బులొస్తాయి, వద్దనడానికి మనమెవరం అని కొందరు. సంచి ఇచ్చే చేతుల్ని తీయి, తీసుకునే మొహాన్ని వదిలెయ్యి అని కొందరు. మీరు ఆలోచించండి.

మేము కొందరం ఒప్పుకున్న కట్టుబాటు మాత్రం ఇది: తీసేముందు అడగడం, ఫొటోతో పాటు మనిషి పేరూ ఊరూ రాసుకోవడం, తీసినదాన్ని కాగితం మీద ప్రింటు వేయించి ఆ ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వడం. మూడోది అన్నిటికంటే బరువు. ఫోనులో పంపడం సులువు, కానీ అవ్వ దగ్గర ఫోను లేదు. ప్రింటు పట్టుకుని రెండోసారి ఆ గుమ్మం తొక్కాలి. బాగా రాలేదంటే ఆ మాట పడాలి, ఇది బయట పెట్టొద్దు అంటే పెట్టకూడదు, ఎంత గొప్ప ఫొటో అయినా సరే. పోటీకి పంపి బహుమతి వస్తే అందులో ఉన్న మనిషికి వాటా ఇవ్వాలని మాలో కొందరి పట్టు. ఎంత ఇవ్వాలన్నది ఇంకా తేలలేదు, ఇవ్వాలన్నది తేలింది.

పని మొదలుపెట్టడానికి కెమెరా అక్కర్లేదు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె అడుగున, గోడ మీద, చుట్టాల ఇళ్ళలో పాత ఫొటోలు ఏమున్నాయో అడగండి. జాతరలో స్టూడియో పరదా ముందు దిగినవి, పెళ్ళివి, ఏవైనా. అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు, రంగు మొత్తం అద్దానికే ఉండిపోతుంది. ఫ్రేముతో సహా వసారా నీడలో నిలబెట్టి, ఫ్లాష్ లేకుండా, మెరుపు పడకుండా కొంచెం పక్కకి జరిగి ఫోనుతో తీయండి. వెనక వైపు ఏదైనా రాసి ఉంటే అదీ తీయండి. తర్వాత ఆ ఫొటో ముందు ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఎడం నుంచి కుడికి ఎవరెవరో అడిగి ఒక్కో పేరూ రాసుకోండి, ఇంటిపేరుతో సహా. ఎవరో గుర్తు రాకపోతే ఆ చోటు ఖాళీగా వదిలి పక్క గూడెంలో ఇంకో ముసలాయన్ని అడగండి. వెంటనే అడగండి, ఆ పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు.